యమను జంబియా – పిడి ఖరీదు, అలుగు ఘనత

జంబియా అనే మాట మన హైదరాబాదు వాసులకు కొత్తది కాదు. అయితే ఈ మాట మనకు ఎక్కువగా ఎక్కడ కనబడుతోంది? దినపత్రికల్లో నేరవార్తలు వేసే పేజీలో. ఫలానా వీధిలో ఫలానావాడు జంబియాతో పొడిచాడు అని చదువుతాం, పేజీ తిప్పేస్తాం. ఆ విధంగా జంబియా అంటే రౌడీల చేతి కత్తి అనే అభిప్రాయం మన పిల్లల మనసుల్లో పడిపోయింది. ఈ కత్తి పుట్టిన యమను దేశంలో మాత్రం మాట వేరే. అక్కడ పెద్దమనిషి జంబియా లేకుండా పెళ్ళికి రాడు, పంచాయితీకి రాడు. నడుముకు కట్టుకున్న ఆ కత్తిని కోపంతో ఒరలోనుంచి దూయడం అక్కడ పెద్ద తప్పు. దానికి తెగపెద్దల ముందు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఇంత తేడా ఎలా వచ్చింది? అసలు జంబియా అంటే ఏమిటి, దాన్ని ఎలా తయారు చేస్తారు, మంచిదో కాదో ఎలా తెలుసుకుంటారు అనే సంగతులు ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

పేరు, పూర్వచరిత్ర

అరబ్బీలో 'జన్బ్' అంటే ప్రక్క. ప్రక్కన ధరించేది గనుక జంబియా అయింది. పేరు ఇలా ఉన్నా, యమను తెగలవాళ్ళు దీన్ని ప్రక్కన కాక సరిగ్గా పొట్టమీద, నడికట్టు మధ్యలో నిలువుగా పెట్టుకుంటారు.

ఈ అలవాటు ఎంత పాతదో చెప్పడానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది. మారిబ్ నగరం దగ్గర, సబా రాజ్యకాలపు ఒక పెద్ద దేవాలయ శిథిలాల్లో 1950ల తొలినాళ్ళలో త్రవ్వకాలు జరిగాయి. అక్కడ మఅదీ కరిబ్ అనే పురుషుని కంచు విగ్రహం దొరికింది. అది క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటిదని పండితుల అంచనా. ఆయన భుజాలమీద సింహచర్మం, నడుముకు పట్టీ, ఆ పట్టీలో బాకు ఉన్నాయి. అంటే ఇస్లాం రావడానికి వెయ్యేళ్ళకు పైగా ముందే ఆ గడ్డమీద మగవాడి నడుమున బాకు ఉండేదన్నమాట. ఆ బాకు ఆకారం నేటి జంబియా లాంటిది కాకపోవచ్చు గాని, ధరించే పద్ధతి మాత్రం అదే.

ఇక లోహం సంగతి. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉండిన అల్ కిందీ అనే తత్త్వవేత్త ఖలీఫా అల్ ముఅతసిమ్ కోసం కత్తుల రకాలమీద ఒక గ్రంథం వ్రాశాడు. అందులో మేలుజాతి కత్తుల్లో యమను కత్తులనూ, హిందూ దేశపు కత్తులనూ లెక్కించాడు. ఇనుమును ఆయన రెండు జాతులుగా విడదీశాడు. గట్టిది మగ ఇనుము, మెత్తనిది ఆడ ఇనుము. ఈ రెండూ కాక, మనిషి పనితనంతో తయారయ్యేది ఉక్కు. మనం ఉర్దూలో ఫౌలాద్ అంటామే, ఆ మాటే అక్కడా వాడాడు. కత్తిని మెచ్చుకునేటప్పుడు దాని పిడిమీది బంగారాన్ని గాక, లోహాన్ని, దానిమీద కనబడే చారలను, చేసిన చోటును చూడాలని ఆ గ్రంథం చెప్పే పద్ధతి. వెయ్యీ నూట యాభై ఏళ్ళు దాటినా ఈ మాట చెల్లుతూనే ఉంది.

అరబ్బీలో మంచి కత్తికి 'ముహన్నద్' అని ఒక పేరు. హింద్ నుంచి వచ్చిన ఇనుముతో చేసింది అని దాని భావం. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించే పని 19వ శతాబ్దంలో కూడా సాగింది. ఆ ఉక్కు కొనడానికి పారశీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారని 1832లో అచ్చయిన ఒక వ్యాసంలో కలదు. కనుక అరబ్బు దేశాల కత్తి కథలో మన తెలంగాణా కమ్మరికి కూడా ఒక చిన్న చోటు ఉన్నది.

జంబియా భాగాలు

జంబియాలో నాలుగు భాగాలు. మొదటిది పిడి, దాన్ని వాళ్ళు 'రాస్' అంటారు, అంటే తల. రెండవది అలుగు, అనగా కోసే లోహపు భాగం. దాన్ని 'నస్లా' అంటారు. మూడవది ఒర. నాలుగవది నడికట్టు.

చూసేవాడి కన్ను మొదట ఒరమీద పడుతుంది. తెగలవాళ్ళ ఒర కిందికి దిగి, ఒక్కసారిగా కొక్కెంలాగా పైకి వంగి ఉంటుంది. దీన్ని 'అసీబ్' అంటారు. సయ్యద్ వంశాలవాళ్ళు, ఖాజీల కుటుంబాలవాళ్ళు కట్టుకునేది 'తూమా'. అది సన్నగా, తక్కువ వంపుతో ఉంటుంది. దాన్ని కుడివైపుకు వాల్చి పెట్టుకుంటారు. కాబట్టి సనా నగరం బజారులో ఎదురుపడిన మనిషి ఎవరో, ఏ వర్గం వాడో, పేరు అడగకుండానే నడుము చూసి చెప్పగలిగేవారు. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఒర అంతగా వంగింది గదా, లోపల కత్తి కూడా అలాగే వంగి ఉంటుందని మనం అనుకుంటాం. కాదు. అలుగు కొద్దిగా మాత్రమే వంగి, సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుతో, ఆ పెద్ద వంపు రాకముందే ముగిసిపోతుంది. మిగిలిన ఒర అంతా ఉత్త కొయ్య, దానిపై తోలు లేక వెండి తొడుగు.

వెండిపనిని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. యమనులో వెండిపని చాలావరకు అక్కడి యూదు కంసాలుల చేతిలో ఉండేది. ముస్లిం తెగపెద్దలు ధరించిన గొప్ప గొప్ప ఒరలు ఎన్నో వారి చేతిపనే. 1949, 1950 సంవత్సరాల్లో సుమారు 50 వేలమంది యూదులు దేశం విడిచి వెళ్ళిపోయారు. వారితోపాటే ఆ పనితనంలో పెద్ద భాగం కూడా పోయింది.

అలుగు తయారీ

జంబియా అలుగుకు రెండు వైపులా వాదర ఉంటుంది. నడిమధ్యన, పిడి నుంచి మొన దాకా, ఆకుకు ఈనె ఉన్నట్టు ఒక గట్టు ఉంటుంది. అలుగు పలుచగా ఉన్నా వంగకుండా నిలబడేది ఈ ఈనె బలంవల్లనే. కమ్మరి పనితనమంతా దీన్ని తేవడంలో ఉంది.

పూర్వం హద్రమౌత్ ప్రాంతపు అలుగులకు మంచి పేరుండేది. 'హద్రమీ' అంటే మేలైన అలుగు అని యమనులో అర్థం. ఆ తరువాతి కాలంలో మోటారు బండ్లు వచ్చాక, కమ్మరులకు వాటి పాత కమాను పట్టాలు చేతికందాయి. మన దగ్గర కూడా కొడవళ్ళకు, వేటకత్తులకు లారీ కమాను ముక్క శ్రేష్ఠమని కమ్మరులు చెబుతారు గదా, అక్కడా అదే జరిగింది. దాంట్లో కారణం లేకపోలేదు. బరువు మోస్తూ వంగి, మళ్ళీ లేవవలసిన వస్తువు గనుక కమానుకు మంచి ఉక్కు వాడతారు. అందులో బొగ్గు పాలు నూటికి సుమారు 0.6 వంతు ఉంటుంది. అంతకు బాగా తగ్గితే పదును నిలవదు, మరీ పెరిగితే పెళుసు.

ఆ ముక్కను కొలిమిలో పెట్టి, తిత్తి ఊది, ఎర్రగా కాల్చి దాగలిమీద సాగగొడతారు. మొదట మొన తీస్తారు. తరువాత నడుమ భాగాన్ని వదిలి, రెండు ప్రక్కలా వాలుగా సమ్మెట దెబ్బలు వేస్తూ పోతే మధ్యన ఈనె లేస్తుంది. ఒక ప్రక్కన నాలుగు దెబ్బలు ఎక్కువ పడితే అలుగు అటు తిరిగిపోతుంది. అందుకని ఒక వైపు ఎన్ని వేస్తే రెండో వైపూ అన్నే వేయాలి. చల్లారిన ఇనుమును కొట్టకూడదు, లోపల బీటలు పడతాయి. మరీ తెల్లగా కాల్చకూడదు, ఉక్కు మాడిపోతుంది. వంపు తెచ్చాక ఆకురాయితోనూ, సానరాయితోనూ నున్నగా చేస్తారు.

ఇక అసలైన ఘట్టం నీరు పట్టించడం. అలుగును మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలోనో, నీళ్ళలోనో ముంచుతారు. ఎంత ఎరుపు రావాలనేది కమ్మరికి కంటి లెక్క. ఆ ఎరుపు బాగా కనబడాలనే కొలిమిని చీకటి మూలలో పెట్టుకుంటారు. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే ఇనుమును అయస్కాంతం పట్టదు. ఉక్కు గట్టిపడడానికి తగిన వేడి ఆ చుట్టుప్రక్కలనే ఉంటుంది. ముంచిన వెంటనే అలుగు గట్టిపడుతుంది గాని, అప్పుడది గాజులాంటిది. కింద పడితే విరుగుతుంది. కనుక దాన్ని మళ్ళీ సన్నని సెగమీద నిదానంగా వేడి చేయాలి. అప్పుడు నున్నని లోహంమీద రంగులు పరుగెత్తుతాయి. మొదట ఎండుగడ్డి పసుపు, తరువాత గోధుమ వన్నె, ఆపైన ఊదా, చివరకు నీలం. ఇదంతా సుమారు 220 నుంచి 300 డిగ్రీల మధ్య జరిగే పని. ఏ రంగు దగ్గర ఆపాడన్నదే కమ్మరి తీర్పు. ముందే ఆపితే పెళుసు, ఆలస్యమైతే మెత్తన. ఆ కొద్ది నిమిషాల్లో తప్పు జరిగితే అంతవరకు పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టే.

చివరకు అలుగు తోకను పిడి కిందిభాగంలో దింపి, బంకతో బిగిస్తారు. పిడికీ అలుగుకూ మధ్యన వెండి పట్టీ వేస్తారు. పిడిమీద వెండి బంగారు గుబ్బలనో, నాణేలనో అతుకుతారు.

మంచి అలుగును గుర్తించడం ఎలా?

తెలిసినవాడు జంబియాను చేతికి తీసుకోగానే ఒరను మెచ్చుకోడు. ఒక్క మాట అడిగి, యజమాని అనుమతితో అలుగును బయటికి తీస్తాడు. ఆపైన చూసే సంగతులు ఇవి.

మొదటిది, ఈనె. పిడి దగ్గర కన్ను పెట్టి మొన వైపుకు చూస్తే ఈనె అలుగు వంపుతోపాటే, ఎక్కడా అటూ ఇటూ జరగకుండా నడిమధ్యన పోవాలి. ఈనెకు రెండు ప్రక్కలా వాలు సమానంగా ఉండాలి. చేతితో కొట్టిన అలుగులో ఈనె పిడి దగ్గర బలంగా మొదలై మొన దగ్గరకు పోయేసరికి సన్నబడుతుంది. రేకును కోసి, అచ్చులో నొక్కిన చవకరకంలో మందం మొదటినుంచి చివరిదాకా ఇంచుమించు ఒకటే. ఈ ఒక్క గుర్తు చాలు, సగం నకిలీలు బయటపడతాయి.

రెండవది, చప్పుడు. అలుగును పిడి దగ్గర వదులుగా పట్టుకుని గోటితో మీటితే సన్నగా, సాగే మ్రోత రావాలి. లోపల బీట ఉన్నా, అతుకు సరిగా పడకపోయినా చప్పుడు చచ్చుగా ఆగిపోతుంది. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు వేలితో కొట్టి చూసే పరీక్ష ఇదే.

మూడవది, ఒంటి తీరు. వెలుగులో వాల్చి చూస్తే వెంట్రుకంత బీటలు, గుంటలు, పొరలు లేచిన చోట్లు కనబడకూడదు. పాత అలుగులో తుప్పు మచ్చలుండడం తప్పు కాదు, అది వయస్సు. బీట మాత్రం తప్పే.

నాలుగవది, గట్టితనం. వాదర మీద ఆకురాయి పెడితే అది జారాలి. కొరికితే మెత్తని ఇనుమన్నమాట. అయితే ఈ పరీక్షను కొత్తవాటికే చేస్తారు. పాతవస్తువుకు ఆకురాయి తాకించడం మర్యాద కాదు.

ఐదవది, బరువు, బిగువు. చేతిలో పట్టుకుంటే బరువు పిడివైపుకు ఉండాలి. ఊపి చూస్తే పిడిలో అలుగు కదలకూడదు.

ఇవన్నీ ఉన్నా బజారులో వెల కట్టేది మాత్రం అలుగును చూసి కాదు! విచిత్రమే గాని నిజం. ఖరీదంతా పిడిలో ఉంది.

పిడి తెచ్చిన ముప్పు

పేరుమోసిన పాత జంబియాల పిడులు ఖడ్గమృగం కొమ్ముతో చేసినవి. వాటిని 'సైఫానీ' అంటారు. ఈ కొమ్ము ఎముక కాదు, మన గోళ్ళు, వెంట్రుకలు ఏ పదార్థమో అదే. తరతరాల చేతి రాపిడితో అది నిగ్గుదేరి, వెలుగుకు అడ్డం పెడితే తేనె వన్నెలో మెరుస్తుంది. అందుకే తాతలనాటి పిడికి అంత గిరాకీ.

ఇమాముల పాలనలో ఇటువంటి జంబియాలు పెద్దింటివాళ్ళకే ఉండేవి. 1962లో ఉత్తర యమనులో ఇమాం పాలన పోయింది. 1970లలో లక్షలాదిమంది యమనీలు సౌదీ అరేబియాకు పనికి వెళ్ళి డబ్బు పంపసాగారు. చేతిలో డబ్బు ఆడేసరికి, నిన్నటిదాకా పెద్దలకే ఉన్న గౌరవచిహ్నం మాకెందుకు లేదని సామాన్యుడూ అడిగాడు. అడగడంలో తప్పులేదు. కాని ఆ గిరాకీకి ఆఫ్రికాలో ఖడ్గమృగాలు కూలిపోయాయి. 1970లో సుమారు 65,000 ఉన్న నల్ల ఖడ్గమృగాలు 1990ల నడిమికి 2,500 కంటే తగ్గాయి. దీనికంతా యమనే కారణం కాదు. తూర్పు దేశాల మందుల వ్యాపారం కూడా ఉంది. అయినా ఆ సంవత్సరాల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన కొమ్ములో పెద్ద వాటా సనా బజారుకే చేరింది.

1982లో ఉత్తర యమను ప్రభుత్వం ఈ కొమ్ము దిగుమతిని నిషేధించింది. 1990ల తొలినాళ్ళలో దేశపు ముఫ్తీ గారు పిడుల కోసం ఈ జంతువులను చంపడం దైవసమ్మతం కాదని తీర్పు చెప్పారు. 1997లో యమను అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో చేరింది. పిడిపనివాళ్ళు చాలావరకు గేదె కొమ్ముకు మారారు. ఆ గేదె కొమ్ము ఎక్కడినుంచి వెళ్ళిందనుకుంటున్నారు? ఎక్కువ భాగం మన హిందూదేశం నుంచే!

ఆలోచించి చూడండి. అలుగు మంచిదా కాదా అని అడిగే అలవాటే నిలిచి ఉంటే, ఒక కొమ్ము కోసం ఒక జంతుజాతి అంతరించే పరిస్థితి వచ్చేది కాదు. పైమెరుగును చూసి వెల కట్టడంవల్ల కమ్మరి పనీ చెడింది, అడవీ చెడింది. పిడికి వేలు పోసినవాడు అలుగుకు బేరమాడితే కొలిమి ఎలా నిలుస్తుంది? 21వ శతాబ్దం వచ్చేసరికి విదేశాల్లో యంత్రంమీద చేసిన చవక జంబియాలు కూడా సనా అంగళ్ళకు చేరాయి. 2014లో మొదలైన యుద్ధం మిగిలినదాన్ని కుదిపింది. సనా పాతనగరాన్ని 1986లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన యునెస్కోయే 2015లో దాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది.

ఒరలో ఉన్నప్పుడే గౌరవం

ఇన్ని చెప్పి అసలు సంగతి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. యమను తెగల్లో ఇద్దరి మధ్య తగవు వస్తే, మధ్యవర్తి ముందు ఇరువర్గాలవాళ్ళూ తమ జంబియాలనో, తుపాకులనో హామీగా పెట్టేస్తారు. మీ తీర్పుకు కట్టుబడతాము అనడానికి అది గుర్తు. కత్తి లేని నడుముతో నలుగురిలో తిరగడం చిన్నతనం గనుక, తీర్పు త్వరగా రావాలనీ, రాజీ కుదరాలనీ ఇద్దరూ కోరుకుంటారు. తగవు తీరాక ఎవరిది వారికి తిరిగి ఇస్తారు. అంటే ఆ కత్తి చేసే పెద్ద పని పొడవడం కాదు, పోట్లాటను ఆపడం. ఒరలోనుంచి నిర్భయంగా బయటికి తీసేది 'బరఅ' అనే నృత్యంలో. అక్కడ తెగవాళ్ళంతా డప్పుల మోతకు ఒకే అడుగువేస్తూ, చేతిలో జంబియాలు తళతళలాడిస్తారు. ఒకరికి గీత పడదు. అది ఒకరిమీద ఒకరికున్న నమ్మకానికి పరీక్ష.

ఈ సంప్రదాయం మన ఊరికీ వచ్చింది. నిజాం కొలువులో సైనికులుగా హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు హైదరాబాదులో స్థిరపడ్డారు. వారి బారకాసులే నేటి బార్కస్. మన పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వారు తెచ్చిందే. ఆ మోతకు జంబియా పట్టుకుని ఆడే ఆట కూడా వారిదే. 1948 తరువాత ఆ సైన్యం లేదు, ఆ కొలువు లేదు. మిగిలినవి పేరు, మోత, ఆట. ఆ కత్తి వెనుక ఉన్న కట్టుబాటు మాత్రం చాలామంది మరచిపోయారు. కత్తి ఉండి కట్టుబాటు పోతే మిగిలేది నేరవార్తే. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఎవరి ఇంట్లోనైనా పెద్దల కాలపు జంబియా ఉన్న యెడల వారికి రెండు మాటలు. వెండి తూకానికి అమ్మేయకండి. చింతపండుతోనో, ఆమ్లంతోనో తోమి మెరిపించకండి. పొడి గుడ్డతో తుడిచి, అలుగుకు పలుచగా నూనె రాసి ఉంచండి. అలుగు తీసి ఈనె చూడండి, మీటి చప్పుడు వినండి, పిల్లలకు చూపించండి. పిడి ఖడ్గమృగం కొమ్ముదైతే దాని వ్యాపారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరమని గుర్తుంచుకోండి.

అన్నిటికంటె ముఖ్యంగా, ఈ కత్తిని మన తాతలు ఎన్నిసార్లు దూశారని కాక, దూయవలసినంత కోపం వచ్చినా ఎన్నిసార్లు ఒరలోనే ఉంచారని పిల్లలకు చెప్పండి. అలుగుకు కమ్మరి పట్టించిన నీరు ఎటువంటిదో మనిషికి ఓర్పు అటువంటిది. గట్టిగా ఉండాలి, కాని పెళుసు కాకూడదు. మంచి జంబియాను గుర్తుపట్టడానికి యమను పెద్దలు చూసేది ఇదే. దాన్ని కట్టుకున్న మనిషిలో చూసేదీ ఇదే.